తెల్ల జిగురు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి ఇంగెలీస్ స్కౌ పోలీసు తాళం తీసి థోర్కిల్ ఆంకెర్ వర్క్‌షాపులోకి అడుగు పెట్టింది. ఆమెకున్న వ్యవధి గంటా యాభై నిమిషాలు. పదింటికి వేలంశాల వ్యాను వచ్చి బల్ల మీదున్న కుర్చీని ఎత్తుకుపోతుంది. రెండింటికి దాని వేలం. ఎవరు పాడుకున్నా రేపటికి ఆ కుర్చీ విమానం ఎక్కేస్తుంది. దాంతో పాటే ఈ కేసూ.

కోటు కూడా విప్పకుండా ఆమె ముందు గోడ మీది థర్మామీటరు చూసింది. పద్నాలుగు డిగ్రీలు. నిన్న మధ్యాహ్నం పోలీసు ఫోటోగ్రాఫరు తన కాగితంలో రాసుకున్నదీ అదే అంకె. తలుపు దగ్గర చెత్తబుట్టలోంచి ఒక టేకు ముక్క ఏరి, ఇంటి నుంచి తెచ్చిన తెల్ల జిగురు సీసా మూత తీసి, చెక్క అంచు వెంబడి నాలుగైదు చుక్కలు పెట్టింది. గడియారం చూసుకుని చెక్క మీదే పెన్సిల్‌తో రాసింది: ఎనిమిదీ ఇరవై.

అప్పుడు కుర్చీ వైపు తిరిగింది.

కూర్చోవడానికి కాదు, ఒరిగి సేద తీరడానికి చేసిన కుర్చీ అది. నేలకు దగ్గరగా, వెనక్కి వాలి ఉంది. చేతులు రెండూ ముందుకొచ్చేకొద్దీ సన్నబడి, చివర్లో తెడ్డులా విచ్చుకున్నాయి. సీటు పేము అల్లిక. న్యూరుప్ మేస్త్రి కార్ఖానాలో 1951లో ఇలాంటివి ఆరే చేశారని, అందులో ఇది నాలుగోదని వేలంశాల వాళ్ళ పుస్తకంలో అచ్చయి ఉంది. ఎడమ చెయ్యి కాస్త వదులైందని బుధవారం సాయంత్రం థోర్కిల్‌కి పంపారు. కుర్రతనంలో న్యూరుప్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఇంకా ఉలి పట్టగలిగినవాడు ఆయన ఒక్కడే.

డెబ్బై నాలుగేళ్ళ ఆ మనిషి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అటక నిచ్చెన కింద మెడ విరిగి పడి ఉన్నాడు. పెరడుకి అవతలి గదిలో పేము అల్లుకునే ఎల్నా ట్రాన్‌బెర్ మొదట చూసింది. పావుగంటలో ఇంగెలీస్ స్టేషను అధికారి ఎగోన్ బ్రాస్క్ తన మనుషులతో వచ్చాడు. నాలుగింటికల్లా తేల్చేశాడు. ముసలాయన చెక్క కోసం అటకెక్కాడు, కాలు జారింది, అంతే. తలుపుకి తాళం వేసి వెళ్ళిపోయాడు. అయితే రిపోర్టు మీద రెండో సంతకం కావాలి. అది ఇంగెలీస్ బల్ల మీదికి వచ్చింది.

ఆమె నిన్న రాత్రే సంతకం పెట్టేసేదే, ఒక్క ఫోటో లేకపోతే.

ఆ ఫోటో ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఒంటిగంటా నలభైకి తీసినది. కుర్చీ ఎడమ చెయ్యి కాలితో కలిసేచోట, ఇనప క్లాంపు బిగించిన కీలు చుట్టూ, పాలచుక్కల్లా తెల్లటి జిగురు బయటికి ఉబికి ఉంది. ఆమె వంగి అదే కీలుని చూసింది. చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి కానీ తెలుపు పోయింది. గాజుపూసల్లా తేటగా గట్టిపడ్డాయి.

తెల్ల జిగురు ఆరితే తేటపడుతుందని వంటింటి స్టూలు బాగు చేసుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఎంతసేపట్లో తేటపడుతుందన్నదే ప్రశ్న. పోలీసు డాక్టరు లెక్క ప్రకారం థోర్కిల్ చనిపోయింది పదికీ పదకొండున్నరకీ మధ్య. ఒంటిగంటా నలభైకి ఆ జిగురు ఇంకా పాలలా తెల్లగా ఉండటం ఏమిటి?

ఆమె నోట్లో లికోరిస్ చప్పరింపు బిళ్ళ వేసుకుంది. సిగరెట్లు మానేసి పదకొండు రోజులు. చేతులు ఒకచోట నిలవడం లేదు. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చూడటం మొదలుపెట్టింది.

బల్ల చివర రాగి జిగురు గిన్నె. తోళ్ళు ఉడికించి తీసిన పాతకాలపు జిగురు, బెల్లప్పాకం రంగులో గడ్డకట్టి ఉంది. పైన తొడిగిన బట్ట కూడా విప్పలేదు. పక్కన కుంచె శుభ్రంగా కడిగి మేకుకి వేలాడదీసి ఉంది. అంటే నిన్న ఈ గిన్నె వేడెక్కనే లేదు. క్లాంపు దవడలు సరాసరి టేకుని కరిచి పట్టుకున్నాయి. చెక్కలోకి రెండు అర్ధచంద్రాల్లా నొక్కుకుపోయాయి. బల్ల కిందేమో తోలు అంటించిన చెక్కబిళ్ళల పెట్టె ఒకటుంది. క్లాంపుకీ చెక్కకీ మధ్య పెట్టడానికే వాటిని చేశారు. వాడివాడి నున్నగా అరిగిపోయాయి. అరవై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి, ఒక ఇల్లు కొనుక్కోగలిగినంత ఖరీదున్న కుర్చీకి ఇనుము నేరుగా బిగిస్తుందా?

సొరుగులన్నీ లాగింది. అలమరలు తెరిచింది. వార్నిషులున్నాయి, నూనెలున్నాయి, మైనం ఉంది, సబ్బు పొడి ఉంది. తెల్ల జిగురు మాత్రం ఎక్కడా ఒక్క చుక్క లేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి బ్రాస్క్ వచ్చాడు. పోయిన డిసెంబరులో ఇద్దరూ కోరుకున్న పై పదవి అతనికే దక్కింది, అప్పటి నుంచి అతను తలుపులు తట్టడం మానేశాడు. ఒక చేతిలో బేకరీ సంచి, ఇంకో చేతిలో వేలంశాల వాళ్ళకివ్వాల్సిన అప్పగింత కాగితం. బల్ల ఎదురుగా ఉన్న పీట మీద కూలబడి, ఒక తీపి రొట్టె తీసుకుని, రెండోది ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

ఏం దొరికిందో చెప్పమన్నాడు. చెప్పింది. అతను నములుతూ అంతా విన్నాడు. ముసలాయనకి చూపు మందగించి ఉంటుంది, చేతులు వణికి ఉంటాయి, బద్ధకమేసి సీసాలో జిగురు వాడి ఉంటాడన్నాడు. సీసా ఏదని అడిగింది. అయిపోతే పారేసి ఉంటాడన్నాడు. చెత్తబుట్ట చూశానంది.

“స్కౌ, నీ బాధేంటో నాకు తెలుసు,” అన్నాడు బ్రాస్క్, ఒళ్ళో పడ్డ రొట్టె పొడి దులుపుకుంటూ. “ఈ రిపోర్టు వేరే ఎవరు రాసినా ఈపాటికి సంతకం పెట్టేసేదానివి.”

“వేరే ఎవరైనా రాస్తే ఫోటోలు చూసి రాసేవాళ్ళు.”

“పదింటికి వ్యాను వస్తుంది. కుర్చీ వెళ్ళిపోతుంది. నువ్వు జిగురు ఆరేదాకా చూస్తూ కూర్చుంటానంటే నాకేం అభ్యంతరం లేదు. నేనూ కూర్చుంటాను, వెచ్చగా లేదన్నమాటే గానీ.”

ఆమె పెరట్లోకి నడిచింది. తొమ్మిదికి అయిదు నిమిషాలుంది.

ఎల్నా గది తలుపు తెరిచే ఉంది. అరవై దాటిన మనిషి, తలకి బూడిదరంగు రుమాలు కట్టుకుని, నీళ్ళ తొట్టిలోంచి పేము పోగులు లాగి ఎవరిదో డైనింగ్ కుర్చీకి అల్లుతోంది. ఇంగెలీస్ లోపలికి రాగానే లేవబోయింది. వద్దని చెప్పి ఇంగెలీస్ ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

నిన్నటి సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఎల్నా నిన్న బ్రాస్క్‌కి చెప్పిందే మాట పొల్లుపోకుండా చెప్పింది. ఉదయం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బస్సులో తిరిగొచ్చేసరికి ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. థోర్కిల్‌కి కాఫీ కావాలేమో అడుగుదామని ఒంటిగంటకి తలుపు తట్టాను. లోపలి నుంచి తాళం వేసుకుని ఉంటాడు గనక నా దగ్గరున్న తాళంచెవితో తీసుకుని వెళ్ళాను. పడి ఉన్నాడు. చెయ్యి ముట్టుకున్నాను, చల్లగా ఉంది.

చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆగలేదు. పోగు కిందికి, పైకి, మళ్ళీ కిందికి. మాట తడబడినప్పుడు కూడా వేళ్ళు తడబడలేదు.

“థోర్కిల్ తెల్ల జిగురు వాడేవాడా?” అని అడిగింది ఇంగెలీస్.

“ఈ మధ్య వాడుతున్నాడమ్మా. చేత కావడం లేదనేవాడు.”

చాలా తొందరగా వచ్చింది ఆ జవాబు. ఇంగెలీస్ గది చుట్టూ చూసింది. కిటికీ గూట్లో గాజుసీసా నిండా సన్నటి చెక్క మేకులున్నాయి. పేము కొసలు బెజ్జాల్లో కదలకుండా దిగ్గొట్టే మేకులవి. వాటి పక్కనే మూతి చుట్టూ జిగురు గట్టిపడిన ప్లాస్టిక్ సీసా. ఆమె లేచి దాన్ని చేతిలోకి తీసుకుంది. సగానికి పైగా ఖాళీ.

“ఆయన దగ్గర తెల్ల జిగురు లేదు, ఎల్నా గారూ. మీ దగ్గరుంది.”

“మేకులు పెట్టడానికి అందరం అదే వాడతాం,” అంది ఎల్నా. ఈసారి వేళ్ళు ఆగాయి.

ఇంగెలీస్ ఇంకేమీ అడగలేదు. వర్క్‌షాపుకి తిరిగొచ్చి గోడకున్న ఫోనులో కంటి డాక్టరు ఆఫీసుకి చేసింది. ట్రాన్‌బెర్ గారు పదకొండున్నరకే వెళ్ళిపోయారని అక్కడి మనిషి చెప్పింది. అక్కడి నుంచి ఇక్కడికి బస్సులో పాతిక నిమిషాలు. అంటే పన్నెండింటికే ఆమె పెరట్లో ఉంది. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య మిగిలిన గంట ఏమైనట్టు?

బ్రాస్క్ రెండో రొట్టె కూడా తినేసి పేపరు చదువుతున్నాడు. ఇంగెలీస్ టేకు ముక్క చేతిలోకి తీసుకుంది. చుక్కల అంచులు తేటపడుతున్నాయి, నడుమ మాత్రం ఇంకా తెలుపు. పెట్టేసింది. పది నిమిషాలాగి మళ్ళీ తీసింది. ఇంకో అయిదు నిమిషాలకి మళ్ళీ. అలా తిరుగుతుంటే నా కళ్ళు తిరుగుతున్నాయని బ్రాస్క్ పేపరు వెనక నుంచి విసుక్కున్నాడు. తొమ్మిదీ నలభైకి ఆఖరి చుక్కలో తెల్లదనం కూడా పోయింది. ఎనభై నిమిషాలు.

“ఒంటిగంటా నలభైలోంచి ఎనభై నిమిషాలు తీసెయ్యి,” అందామె.

బ్రాస్క్ పేపరు దించాడు. అతను తెలివితక్కువ మనిషి కాదు. తొందరెక్కువ, అంతే. “పన్నెండూ ఇరవై,” అన్నాడు మెల్లగా.

“అంతకు ముందు పూసి ఉంటే ఫోటోలో తేటగా ఉండాలి. మొత్తం తెల్లగా ఉంది. అంటే పన్నెండూ ఇరవై తర్వాతే పూశారు. డాక్టరు లెక్కన అప్పటికి థోర్కిల్ పోయి కనీసం యాభై నిమిషాలు. శవాన్ని అక్కడ పెట్టుకుని ఇక్కడ ఎవరో కుర్చీ అతికించారు.”

బ్రాస్క్ ఆ టేకు ముక్కని చూశాడు. ఆ తర్వాత తన గడియారం చూసుకున్నాడు. ఆమె అప్పటికే విద్యుత్ పొయ్యి మీద కెటిల్ పెట్టి క్లాంపు మర విప్పుతోంది.

“ఏం చేస్తున్నావ్?”

“విప్పుతున్నా. అతికించింది దాచడానికే అయితే, దాచింది లోపలే ఉంటుంది.”

“దాని మీద చిన్న గీత పడినా మన డిపార్టుమెంటుని అమ్ముకోవాలి. అది మనది కాదు. అనుమతి కాగితం లేదు. నువ్వు చెయ్యి వేశావంటే పైకి రాసిపడేస్తా, మొహమాటం లేదు.”

“రాయి. టైము కూడా వెయ్యి. తొమ్మిదీ నలభై నాలుగు.”

అతను వచ్చి కుర్చీకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు.  కెటిల్ ఈల వేయడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని అందుకుని అతని వైపే నడిచింది. అతను పక్కకి తప్పుకున్నాడు, ఆవిరికి భయపడో, ఇంకెందుకో.

ఆమె వేడినీళ్ళు కీలు మీద నేరుగా ఒంపబోతుంటే తలుపు దగ్గర నుంచి మాట వినిపించింది.

“అలా పోస్తే చెక్క చీలిపోతుందమ్మాయ్.”

ఎల్నా గుమ్మంలో నిలబడి ఉంది. తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. నిచ్చెన దగ్గర నేల వైపు చూడకుండా నడిచింది. కెటిల్ ఇంగెలీస్ చేతిలోంచి తీసుకుని, బల్ల మీది పాతగుడ్డని వేడినీళ్ళలో ముంచి పిండి, కీలు చుట్టూ కట్టు కట్టినట్టు చుట్టింది. చల్లారగానే విప్పి మళ్ళీ ముంచింది. అలా నాలుగుసార్లు.  పెరట్లోకి వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. బ్రాస్క్ తలుపు తీసి, డ్రైవరుకి కాసేపు ఆగమని చెప్పి, మళ్ళీ వేశాడు.

అయిదోసారి గుడ్డ తీశాక ఎల్నా చెక్క సుత్తి అందుకుని, కుర్చీ చేతికి అడుగు నుంచి మెత్తగా మూడు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి కీలు కదిలింది. ఆమె రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా లాగింది. చేతి కొసనున్న కుసి, అంటే గాడిలో దూరే చెక్క నాలుక, కాలిలో తొలిచిన గాడిలోంచి, మెత్తబడ్డ జిగురు తీగలు సాగుతుండగా బయటికొచ్చింది.

కుసి వెడల్పు మూడు వేళ్ళుంటుంది. దాని ఒక పక్కన పెన్సిల్ రాత. జిగురు పూసినా చెరిగిపోలేదు. బ్రాస్క్ టార్చి వేసి పైకి చదివాడు.

“వి. ట్రాన్‌బెర్. పద్నాలుగు, మూడు, పంతొమ్మిది వందల ఎనభై నాలుగు.”

ఇంకోసారి చదువుకున్నాడు. “ఎనభై నాలుగా? యాభై ఒకటి కదా ఉండాలి?”

“ఇది న్యూరుప్ కుర్చీ కాదు. పదేళ్ళు కూడా లేవు దీనికి,” అంది ఇంగెలీస్. ఆమె చూపు అంకెల మీద లేదు, ఇంటిపేరు మీద ఉంది. మెల్లగా ఎల్నా వైపు తిరిగింది.

ఎల్నా సుత్తి బల్ల మీద పెట్టి, బ్రాస్క్ ఖాళీ చేసిన పీట మీద కూర్చుంది. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది, ఎవరితోనో కాదు తనతో తాను అనుకుంటున్నట్టు.

విగో ట్రాన్‌బెర్ ఆమె భర్త. విగో, థోర్కిల్ ఇద్దరూ న్యూరుప్ దగ్గర ఒకే ఏడాది పనిలో చేరారు. అక్కడి కుర్రాళ్ళకి ఒక దొంగ అలవాటుండేది. కీలు అతికించే ముందు కుసి మీద తమ పేరూ తేదీ రాసేవాళ్ళు. కుర్చీ విరిగితే తప్ప లోకానికి కనపడదు. మేస్త్రికి తెలిస్తే చెవులు మెలిపెట్టేవాడు. అయినా మానేవాళ్ళు కాదు. పేరు ఆర్కిటెక్టుది, ముద్ర మేస్త్రిది, మనదంటూ ఏదైనా ఉండాలి కదా అనేవాడట విగో. చేతిపనిలో థోర్కిల్ కంటే ఒక మెట్టు పైనే ఉండేవాడు. కానీ అప్పులు, గుర్రప్పందేలు, మాట మీద నిలబడకపోవడం. ఇరవై రెండేళ్ళ కాపురం. డెబ్బై తొమ్మిది అక్టోబరులో రేవు దగ్గర కలప షెడ్డు తగలబడింది. లోపల ఒక మనిషి కాలిపోయి దొరికాడు. మొహం లేదు. వేలికి విగో ఉంగరం, జేబులో విగో గడియారం ఉన్నాయి. అది విగోయేనని ఎల్నా సంతకం పెట్టి శవాన్ని తీసుకుంది.

“నిన్న పన్నెండూ పదికి ఈ గదిలోకి వచ్చాను. థోర్కిల్‌ని చూశాను. అరిచానో లేదో గుర్తు లేదు. లేచి నిలబడేసరికి బల్ల మీద కుర్చీ చెయ్యి ఊడి ఉంది. ఈ రాత పైకే కనపడుతూ ఉంది. వెనక్కి వాలే ఆ ‘వి’ నాకు తెలియనిది కాదు. నాకు రాసిన ఉత్తరాలన్నిట్లో అదే.”

“ఎందుకు అతికించారు?” అని అడిగింది ఇంగెలీస్.

“ఏమోనమ్మా. కనపడకుండా చెయ్యాలనిపించింది. మా గదికెళ్ళి సీసా తెచ్చాను. థోర్కిల్ జిగురైతే గంటలకొద్దీ నానబెట్టి కాచాలి, నాకా తెలివి కూడా లేదు. పని అయ్యాక ఆయన పక్కన కాసేపు కూర్చున్నాను. ఆ తర్వాతే మీవాళ్ళకి ఫోన్ చేశాను.”

బ్రాస్క్ మొదటిసారి నోట్‌బుక్ తీశాడు. థోర్కిల్ ఆ కీలు ఎప్పుడు విప్పి ఉంటాడని అడిగాడు, గొంతు తగ్గించి. బుధవారం రాత్రో, గురువారం పొద్దున్నో అయి ఉంటుందని ఎల్నా చెప్పింది. విప్పగానే ఆయనకీ అర్థమై ఉంటుంది. చచ్చిపోయాడనుకున్న స్నేహితుడు నాలుగున్నరేళ్ళ తర్వాత కుర్చీ చేశాడని. ఇన్నేళ్ళూ బజారులో తిరుగుతున్న దొంగ న్యూరుప్ కుర్చీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా. ఆ కబురు థోర్కిల్ ఎవరికి చెప్పి ఉంటాడు? అది తెలిస్తే అంతా తెలిసినట్టేనని ఇంగెలీస్ అనుకుంది.

“పద్నాలుగేళ్ళుగా ప్రతి అక్టోబరులో ఆ సమాధి మీద పూలు పెడుతున్నాను,” అంది ఎల్నా. “ఎవరికి పెడుతున్నానో ఇప్పుడు నాకు తెలీదు. ఆ కాలిపోయినవాడి అమ్మ ఎక్కడో ఎదురుచూసి ఉంటుంది.”

కిటికీ ఊచల మీద వ్యాను లైట్లు పడి ఆరిపోయాయి. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంగెలీస్ ఆమె ముందు గొంతు కూర్చుంది. “ఎల్నా గారూ, ఈ రాత మీరు చూశారని ఇంకెవరికైనా తెలుసా?”

 ఎల్నా రుమాలు ముడి విప్పి, తల మీంచి తీసి, ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు కురచగా, పూర్తిగా తెల్లగా ఉంది. దాన్ని ఒకసారి అరచేత్తో వెనక్కి సర్దుకుంది.

“నిన్న సాయంత్రం ఆరింటికి మా గదిలో ఫోన్ మోగింది. తీశాను. కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఒక్క మాటన్నాడు, పెట్టేశాడు.”

“ఎవరు?”

“విగో.”

“ఏమన్నాడు?”

“‘నీ జుట్టంతా నెరిసిపోయిందే, ఎల్నా’ అన్నాడు.”

బ్రాస్క్ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఎల్నా ఇంకా రుమాలు వంకే చూస్తోంది. ఇల్లు దాటితే నేనిది తియ్యనమ్మాయ్, అంది. బస్సులో తియ్యను, డాక్టరు దగ్గర తియ్యను. విగో పోయినప్పుడు నాది గోధుమరంగు జుట్టు, జడ వేసుకునేదాన్ని. నిన్న ఇక్కడ వంగి పని చేస్తుంటే చెమట పట్టింది. ఈ బల్ల దగ్గరే తీశాను. ఒక పది నిమిషాలు.

ఇంగెలీస్ లేచి నిలబడింది. కిటికీలు రెండూ చూసింది. రెండింటికీ లోపలి నుంచి ఇనప ఊచలు, బయట ఏళ్ళనాటి మసి. వాటిలోంచి పెరట్లో నిలబడ్డ వ్యాను కూడా మసకగా ఒక ఆకారం, అంతే. తలుపుకి పలకల సందులు లేవు. గోడ మీద ఫోను. గంట క్రితం తను మాట్లాడిన ఫోను. నిన్న నాలుగింటికి ఈ తలుపుకి బయట నుంచి పోలీసు తాళం పడింది. ఈ ఉదయం ఎనిమిదీ పదికి తనే తీసింది.

ఆమె చాలా నెమ్మదిగా, పెదవులు కదిలీ కదలనట్టు అడిగింది. “బ్రాస్క్. నీ రిపోర్టులో అటక పరిశీలించాం అని రాశావు. ఎవరు ఎక్కారు?”

బ్రాస్క్ మొహంలో రంగు మారింది. ఫోటోగ్రాఫరు ఎక్కాడనుకున్నాను అనబోయాడు. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. అతని చెయ్యి తుపాకీ కోసం కోటు లోపలికి వెళ్ళింది.

ముగ్గురూ తలలెత్తారు. అటక పలకల మధ్య వేలెడు వెడల్పు సందులున్నాయి. వాటి వెనక చీకటి. గదిలో గాలి లేదు, తలుపు మూసే ఉంది.

కుర్చీకి సరిగ్గా పైన, రెండు పలకల సందులోంచి సన్నటి టేకు పొట్టు, పిడికెడంత, బల్ల మీదికి రాలింది.